సిలబస్‌లో మన బడి

పిల్లలు అమెరికాలో ఏం చదువుతున్నారని అడిగితే మనవాళ్లు ఎదురుచూసే జవాబులు రెండో మూడో ఉంటాయి. కంప్యూటర్ సైన్సు, డేటా సైన్సు, కాస్త అటూ ఇటూ అయితే ఎంబీఏ. మా మేనకోడలు ‘ఎడ్యుకేషన్ పాలసీ’ అని చెప్పిన రోజు మా అక్కావాళ్లింట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా బావ అందరి తరఫునా అడిగేశాడు.

“అంటే బీఈడీయేనా అమ్మా?”

“కాదు నాన్నా. బీఈడీలో పాఠం ఎలా చెప్పాలో నేర్పుతారు. ఇందులో బడులు ఎలా నడుస్తాయి, డబ్బు ఎటు పోతుంది, పరీక్ష అసలేం కొలుస్తుంది, ఇవన్నీ చదువుతాం.”

“అవన్నీ మీ మామయ్యనడిగితే చెప్తాడుగా. దానికి అంత లోనెందుకు?”

ఆ మామయ్యని నేనే. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై, ఒంగోల్లో ఉంటున్నాను. డబ్బు ఎటు పోతుందో నాకు తెలుసని మా బావకున్న నమ్మకాన్ని నేను ఖండించలేదు.

ఇక్కడ వీసా లెక్క ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. అమెరికాలో చదువయ్యాక అక్కడే పనిచేసుకోవడానికి మామూలుగా ఏడాది గడువిస్తారు. డిగ్రీ ‘స్టెమ్’ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంటే ఇంకో రెండేళ్లు కలుపుతారు. విద్యలో గణాంకాలు, పరిశోధన పద్ధతులు చదివితే ఆ జాబితాలో చోటుంది. విద్యా విధానం చదివితే లేదు. అంటే బడిని కొలిచేవాళ్లకి మూడేళ్లు, బడి ఎలా ఉండాలో ఆలోచించేవాళ్లకి ఏడాది. మా పిల్ల రెండోదే ఎంచుకుంది. మా బావ ఇప్పటికీ ఈ విషయం నాతో తప్ప ఎవరితోనూ అనడు.

వెళ్లిన కొత్తలో తన కోర్సుల సిలబస్‌లు నాకు పంపింది. విద్యా విధానం మీద ఒకటి, పరీక్షలూ మూల్యాంకనం మీద ఒకటి, విశ్వవిద్యాలయ విద్య మీద ఒకటి. రిటైరైనవాడికి పేపరు చదవడం ఎనిమిదింటికల్లా అయిపోతుంది, ఆ తర్వాత పొద్దు పోదు. అందుకని కూర్చుని చదవడం మొదలెట్టాను. మన సిలబస్‌ల్లా లేవవి. నిర్వచనం, లక్షణాలు, ప్రయోజనాలు, పరిమితులు అనే వరస ఎక్కడా కనపడలేదు. వారానికో ప్రశ్న, దాని కింద చదవాల్సిన నాలుగైదు వ్యాసాలు. టీచరుకి డబ్బు ఎక్కువిస్తే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారా? ప్రైవేటు బడి నిజంగా మేలా? ఇలా. నేను ఎంఈడీ చేసినప్పుడు ఈ ప్రశ్నలు స్టాఫ్‌రూంలో టీ తాగుతూ వేసుకునేవాళ్లం గానీ పరీక్షలో ఎవరూ అడగలేదు. పరీక్షలో బ్లూమ్ వర్గీకరణ అడిగేవాళ్లు.

టీచర్ల జీతాల వారంలో మొదటి వ్యాసమే ఆంధ్రప్రదేశ్ మీద.

రాసినవాళ్లు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. అచ్చయింది 2011లో, జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో. ప్రయోగం జరిగింది మాత్రం మన ఉమ్మడి రాష్ట్రంలో. 2005లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు చేతులు కలిపి మొదలెట్టిన పని. కోస్తా, సీమ, తెలంగాణల నుంచి ఐదు జిల్లాలు, జిల్లాకి పది మండలాలు, మండలానికి పది పల్లెటూరి ప్రాథమిక బడులు, వెరసి 500. లాటరీ వేసి వాటిని వర్గాలుగా విడదీశారు. నూరు బడుల్లో ఏ టీచరుకా టీచరుకి విడిగా బోనస్. నూరింటిలో బడి మొత్తానికి కలిపి బోనస్. నూరింటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు. నూరింటికి సామగ్రి కొనుక్కోవడానికి గ్రాంటు. మిగిలిన నూరు బడుల్నీ వీటిలో ఏదీ ఇవ్వకుండా పోల్చి చూడ్డానికి ఉంచారు. బోనస్ లెక్క సులువే: పిల్లల సగటు మార్కులు 5 శాతం మించి పెరిగితే, ఆ పైన పెరిగిన ప్రతి శాతానికీ 500 రూపాయలు.

రెండేళ్లకి బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, తెలుగులో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. ఈ దశాంశాలు చూసి బెదరనక్కర్లేదు. నూరు మందిని మార్కుల వరసలో నిలబెడితే సరిగ్గా నడుమనున్న పిల్ల, 0.27 పెరిగితే, పది మందిని దాటి ముందుకెళుతుంది. చిన్న సంగతేం కాదు. విచిత్రమేమిటంటే టీచర్ల హాజరు మాత్రం పెరగలేదు. రానివాళ్లు రాకుండానే ఉన్నారు. వచ్చిన రోజున ఎక్కువ పనిచేశారు: హోంవర్కు, అదనపు క్లాసు, ప్రాక్టీసు పరీక్షలు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా పిల్లలు మెరుగయ్యారు.

ఈ వ్యాసాన్ని మా పాత స్టాఫ్‌రూంలో చదివి వినిపిస్తే ఏమయ్యేదో నాకు తెలుసు. “ఐదొందల కోసం చెప్తామా సార్ మనం?” అని ఒకరు లేస్తారు. “సగటు తగ్గించే పిల్లల్ని పరీక్షరోజు రావొద్దంటే సరిపోదా?” అని వెనక బెంచీలోంచి ఇంకొకరు. రెండో ప్రశ్నని వ్యాసకర్తలూ పట్టించుకున్నారు. మొదటిదానికి జవాబు అలాంటి వ్యాసాల్లో దొరకదు.

అదే 500 బడుల పథకం నుంచి ఇంకో రెండు వ్యాసాలు ఆ సిలబస్‌లో ఉన్నాయి. నాకు వీటిమీదే ఎక్కువ మనసు పోయింది. ఒకటి గ్రాంటు గురించి. ఆంధ్రప్రదేశ్‌నీ ఆఫ్రికాలోని జాంబియానీ పక్కపక్కన పెట్టి రాసింది. బడికి డబ్బిచ్చి పలకలూ నోటుపుస్తకాలూ కొనిపెట్టిస్తే మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది పెరగలేదు. కారణం వెతికితే బడిలో కాదు, ఇంట్లో దొరికింది. గ్రాంటు వస్తుందని తెలిశాక తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. చదువుతూ నవ్వుకున్నాను. బళ్లో నోటుపుస్తకాలు ఇస్తారని తెలిస్తే ఆ డబ్బుతో ఇంకేదైనా కొనుక్కుందామని ఏ తల్లయినా అనుకుంటుంది. అందులో తప్పేముంది? ఆ నిర్ణయం ఆమె ఇంటికి మంచిదే. మార్కుల్లో కనపడలేదంతే. ఊరి జనం తెలివితక్కువవాళ్లని అనుకుని వేసే పథకాలకి ఈ వ్యాసం చదివిస్తే బావుణ్ణు.

రెండోది 2010 నాటిది. ఓ నూరు బడుల్లో ఏడాది మొదట్లో పిల్లలకి పరీక్ష పెట్టి, ఎవరికి ఏది రాదో వివరంగా రిపోర్టు రాసి టీచర్లకిచ్చారు. మధ్యమధ్యలో వచ్చి తరగతులు చూశారు. చూస్తున్నప్పుడు ఆ టీచర్లు ఇతరులకంటే చురుగ్గా కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే పిల్లల్లో తేడా ఏమీ లేదు. మన విద్యాశాఖ గత ఇరవై ఏళ్లలో చేసిన పనుల్లో సగం ఇదే: పరీక్ష పెట్టడం, రిపోర్టు పంపడం, మానిటరింగ్‌కి రావడం. బేస్‌లైన్, ఎండ్‌లైన్, గ్రేడు పట్టిక, ఏ గ్రూపు, బీ గ్రూపు, సీ గ్రూపు. అది ఒట్టినే ఉపయోగపడదని మన బడుల్లోనే తేలి, అచ్చయి, అమెరికా పిల్లలకి పాఠమైంది. మా మండల విద్యాధికారి ఆఫీసుకి మాత్రం చేరలేదు.

చేరకపోవడం సంగతి ఇక్కడే మొదటిసారి నాకు తట్టింది. తర్వాత ప్రతి వారంలోనూ తడుతూనే ఉంది.

ప్రైవేటు బడుల వారం చూడండి. 2008లో మన పల్లెల్లో ‘స్కూల్ ఛాయిస్’ అని ఇంకో ప్రయోగం జరిగింది. సర్కారు బడి పిల్లల పేర్లు లాటరీలో వేసి, గెలిచినవాళ్లు ఊళ్లోని ప్రైవేటు బడిలో చేరితే ఖర్చు పెట్టుకున్నారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెట్టారు. తెలుగులో, లెక్కల్లో గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రైవేటు బళ్లో చిన్న తరగతుల నుంచీ హిందీ ఉంది. ఆ బడులు తెలుగుకీ లెక్కలకీ తక్కువ గంటలే కేటాయించాయి, అయినా ఫలితం సమానం. పిల్లవాడి మీద పెట్టే ఖర్చు చూస్తే సర్కారు బడిలో మూడో వంతు కూడా లేదు. 2015లో వచ్చిన ఈ వ్యాసంలో మొదటి సగం ఉపాధ్యాయ సంఘాలు చదువుకుని సంతోషించొచ్చు, రెండో సగం ప్రైవేటు యాజమాన్యాలు చదువుకుని సంతోషించొచ్చు. ఆ తక్కువ ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఇద్దరి సంతోషమూ తగ్గుతుంది. ప్రైవేటు టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు కూడా లేదు. డిగ్రీ చదివి, ఊరు దాటి వెళ్లే వీల్లేక, ఇంటి పక్క కాన్వెంటులో పాఠం చెప్పే ఆడపిల్లల చవక కష్టం ఆ అంకెలో ఉంది. నేనైతే దాన్ని సామర్థ్యం అనను.

2019లో ఆంధ్రప్రదేశ్ సర్కారు బడులన్నిట్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. నెలల తరబడి టీవీల్లో అరుచుకున్నాం. తెలుగుని చంపుతున్నారని ఒకరు, పేదవాడికి ఇంగ్లీషు వద్దంటారా అని ఒకరు. ఏ బడిలో ఏ పాఠానికి ఎన్ని గంటలు పోతున్నాయో, అందువల్ల ఏం వస్తోందో మన ఊళ్లలోనే, మన పిల్లలతోనే నాలుగేళ్లు చూసి రాసిన లెక్క ఒకటుందని ఆ చర్చల్లో ఎవరైనా అంటే నా చెవిన పడలేదు.

ఇక ‘యంగ్ లైవ్స్’. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగు దేశాల్లో పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి చేస్తున్న అధ్యయనం. ఇథియోపియా, పెరూ, వియత్నాం, నాలుగోది ఇండియా. ఇండియా అంటే ఇక్కడ ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2002లో మూడు వేల మంది పిల్లలతో మొదలెట్టారు. అందులో రెండు వేల మంది అప్పటికి ఏడాది నిండీ నిండని పసివాళ్లు. ఏం తిన్నారు, ఎంత ఎత్తు పెరిగారు, ఏ బడికెళ్లారు, ఎప్పుడు మానేశారు, ఎప్పుడు పెళ్లి చేశారు, అన్నీ రాశారు. వాళ్లకిప్పుడు ఇరవై దాటాయి. మధ్యలో రాష్ట్రం రెండైంది, పిల్లలు రెండు రాష్ట్రాలవాళ్లయ్యారు, అధ్యయనం మాత్రం ఒకటిగానే సాగింది. మన తరగతుల్లో కూర్చున్న తరాన్ని గురించి ఇంతకంటే పెద్ద కథ నాకు తెలిసి ఎవరూ రాయలేదు.

చివరికి చట్టం కూడా. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 1993లో. ఆ కేసు పేరు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. తమాషా ఏమిటంటే అది పలకా బలపం కోసం పడ్డ కేసు కాదు, వృత్తివిద్యా కాలేజీల కేపిటేషన్ ఫీజు గొడవ. కాలేజీ యాజమాన్యాలు కోర్టుకి పోతే ఒకటో తరగతి పిల్లకి హక్కొచ్చింది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం దాని వెనకే నడిచాయి.

మా పిల్ల రెండో కోర్సు పరీక్షల మీద. ఇందులో నేను దానికి సీనియర్ని. ఏప్రిల్ ఎండల్లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి ఏళ్లకేళ్లు వెళ్లినవాణ్ణి. రోజుకి నలభై పేపర్లు, తిరగని ఫ్యాను, దిద్దిన కట్ట పట్టుకెళ్లి మార్కులు కూడి చూసే స్పెషల్ అసిస్టెంటు, మచ్చుకి కొన్ని తీసి మళ్లీ చూసే చీఫ్. ప్రిన్సిపుల్స్ ఆఫ్ వాల్యుయేషన్ కాగితం ఎదురుగా ఉంటుంది, ఏ స్టెప్పుకి ఎంతో రాసి. అయినా ఎవరి చెయ్యి వాళ్లదే. పొద్దున పదింటికి దిద్దిన పేపరుకీ, మధ్యాహ్నం భోజనం చేసొచ్చాక దిద్దిన పేపరుకీ ఒకే కన్ను ఉండదు.

ఇది నాకే తెలిసిన రహస్యమనుకునేవాణ్ణి. ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త 1888లోనే దీని మీద ఇంగ్లండులో వ్యాసం రాశాడట. పరీక్షలో వచ్చే మార్కు కూడా నక్షత్రాల దూరాన్ని కొలిచినట్టు పొరపాటుతో కూడిన కొలతేననీ, ఆ పొరపాటునీ లెక్కగట్టొచ్చుననీ అతని వాదం. 1912, 1913లో స్టార్చ్, ఎలియట్ అనే అమెరికన్లు ఒకే జవాబు పత్రాన్ని ప్రతులు తీయించి ఎందరో టీచర్లకి పంపారు. ఇంగ్లీషు పేపరుకి మార్కులు ఎటుపడితే అటు వచ్చాయి. ఇంగ్లీషు కాబట్టి అలా వచ్చింది, లెక్కలకైతే రాదన్నారు కొందరు. మరుసటి ఏడు జామెట్రీ పేపరు పంపారు. నూటికి ముప్పై లోపు వేసినవాళ్లున్నారు, తొంభై వేసినవాళ్లూ ఉన్నారు. లెక్కల మాస్టరుగా నాకు ఇది కొంచెం కష్టంగానే అనిపించింది.

తెలుగు అకాడమీ పుస్తకాల్లో విశ్వసనీయత, సప్రమాణత అని చదివి పాసయ్యాం అందరం. లెక్క మాత్రం ఎప్పుడూ వేసి చూడలేదు. ఇప్పుడు వేశాను. ఒక పరీక్ష విశ్వసనీయత 0.9 అనుకుందాం, అది చాలా మంచి పరీక్ష కిందే లెక్క. మార్కుల ప్రామాణిక విచలనం 15 అనుకుందాం. అప్పుడు ఒక్కో మార్కు వెనకా ఉండే పొరపాటు, 15 ఇంటూ 0.1 వర్గమూలం, దాదాపు 4.7. అంటే 35 వచ్చిన పిల్లవాడి అసలు స్థాయి ముప్పై కావొచ్చు, నలభై కావొచ్చు. 34 వచ్చినవాడిదీ అంతే. వీళ్లిద్దరిలో ఎవరు మెరుగో ఆ పరీక్ష చెప్పలేదు. మనం చెప్పిస్తున్నాం. ఒకణ్ణి ఇంటరుకీ, ఒకణ్ణి సప్లిమెంటరీకీ పంపిస్తున్నాం. హిందీకైతే 20 వస్తే చాలంటాం, దానికి ఏ సిద్ధాంతమూ అడ్డురాదు.

స్పాట్‌లో మాకు ఈ లెక్క రాకపోయినా దీని విరుగుడు వచ్చు. 33 దగ్గరో 34 దగ్గరో పేపరు ఆగితే ఎర్ర పెన్ను కాసేపు కదలదు. వెనక్కి తిప్పి, ఏ స్టెప్పులోనైనా అర మార్కు దాగుందేమోనని వెతుకుతారు. చాలాసార్లు దొరుకుతుంది. పైవాళ్లు దీన్ని ఉదారత అంటారు, బయటివాళ్లు అవకతవక అంటారు. మా మేనకోడలికి ఫోన్లో చెబితే, “మామయ్యా, అది కొలత పొరపాటుకి సర్దుబాటు. మాకు దాని మీద మూడు వారాలుంది” అంది. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, దగ్గరికొచ్చేసరికి ఈ సర్దుబాటు ఉండదు. ఓఎంఆర్‌కి, కంప్యూటర్‌కి పెన్ను ఆగదు. ఒక్క మార్కు తేడాకి వందల ర్యాంకులు మారిపోతాయి. ఆ ర్యాంకుల్ని మనం రోడ్డు కూడళ్లలో హోర్డింగులు కట్టి నమ్ముతాం.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ పేరుతో ఒక సూత్రముంది. ఏ అంకె మీద నిర్ణయాలు ఎంతగా ఆధారపడితే, ఆ అంకె అంతగా చెడిపోతుంది. అది కొలవాల్సిన పనినీ చెడగొడుతుంది. 1970లలో చెప్పాడు. పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు 20 పెట్టినప్పుడు ఊరూరా ఏం జరిగిందో తెలిసినవాళ్లకి దీన్ని వివరించనక్కర్లేదు. అందరికీ ఇరవైకి ఇరవై. ఉమ్మడి రాష్ట్రంలో మార్కులు తీసేసి గ్రేడ్లు పెడితే, ర్యాంకుల పిచ్చి పోతుందనుకుంటే, ‘పదికి పది జీపీఏ’ అనే కొత్త హోర్డింగు లేచింది. ఇప్పుడు రెండు రాష్ట్రాలూ మళ్లీ మార్కులకే వచ్చాయి. ఇంటర్నల్స్ తీసేస్తామని 2024 నవంబరులో తెలంగాణ ప్రకటించి, వెంటనే ఆ ఏటికి ఆపింది. అటూ ఇటూ ఎంత తిరిగినా ఎవరూ కొలత పొరపాటు గురించి మాట్లాడలేదు. పిల్లలకి ఇచ్చే మెమోలో మార్కు పక్కన ‘నాలుగైదు అటూ ఇటూ’ అని అచ్చేస్తే తల్లిదండ్రులు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. కానీ నిజం అదే.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో జరిగింది ఈ పొరపాటు కూడా కాదు, ఇంకా మొరటుది. తెలుగులో 99 వచ్చిన అమ్మాయికి మెమోలో సున్నా పడింది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లనీ ప్రభుత్వం ఉచితంగా తిరిగి చూపించాల్సి వచ్చింది. ఆలోగానే కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇంజనీరింగ్‌లో వంతెన కూలితే దాని మీద ఏళ్ల తరబడి పాఠం చెప్తారు. మన బీఈడీ, ఎంఈడీ తరగతుల్లో ఈ ఏప్రిల్ మీద ఒక్క పీరియడైనా ఉండాలి.

మూడో కోర్సు, విశ్వవిద్యాలయాల మీద, నాకు అంతగా పట్టలేదు. మార్టిన్ ట్రో అనేవాడు 1973లో చేసిన విభజన ఒకటి: ఈడొచ్చిన పిల్లల్లో 15 శాతం లోపు చదివితే అది కొద్దిమంది చదువు, 50 దాకా అయితే జనం చదువు, దాటితే అందరి చదువు. 2021-22 సర్కారు సర్వే ప్రకారం దేశంలో 28.4 శాతం, మన రెండు రాష్ట్రాలూ ఆ పైనే. రోనాల్డ్ డోర్ 1976లో రాసిన ‘డిప్లొమా డిసీజ్’ (పట్టాల జబ్బు) పుస్తకం గురించి చదివాక పాలిటెక్నిక్, బీటెక్, ఎంటెక్ దాటుకుంటూ కానిస్టేబుల్ పరీక్షకి కూర్చునే పిల్లలు గుర్తొచ్చారు. ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగాను: జి. రాంరెడ్డి. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆయన చేతుల మీదుగా నిలబడింది, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. 1985లో ఇగ్నో మొదలైతే దానికీ తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. మా తరంలో కండక్టర్లు, నర్సులు, పెళ్లయి ఆగిపోయిన ఆడవాళ్లు డిగ్రీ పట్టా అందుకున్నది ఆ తలుపులోంచే. ఆ కోర్సు చదివే అమెరికా పిల్లలకి ఆయన పేరు తెలుసు. మా వీధిలో ఆ పట్టాతో ప్రమోషన్ తెచ్చుకున్నవాళ్లకి తెలియదు.

నా బాధ ఇదీ, సూటిగా చెబుతాను. మన బడి ప్రపంచానికి పాఠమైంది. అందులో నాకేం అభ్యంతరం లేదు, కొంత గర్వమే. కొలిచినవాళ్లు నిజాయితీగా కొలిచారు, తమకు నచ్చని ఫలితాన్నీ దాచలేదు. కానీ ఆ పాఠం జరిగే తరగతిలో మన టీచరుకి కుర్చీ లేదు. 0.27 అనే అంకెని చెమటోడ్చి తయారుచేసింది ఏ తండాలోనో ఐదు తరగతులూ ఒకే గదిలో పెట్టుకుని కూర్చున్న ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు). ఆయనకి ఆ అంకె తెలియదు. ఇంగ్లీషు రాక కాదు, ఎవరూ పంపక. వ్యాసాలు కావాలంటే నెట్‌లో దొరుకుతాయి, ఉచితంగా కూడా. అవి ఉన్నాయని చెప్పేవాళ్లు లేరు. కాంప్లెక్స్ మీటింగులకి సర్క్యులర్లు వస్తాయి, మాడ్యూళ్లు వస్తాయి, ఫొటో తీసి యాప్‌లో పెట్టమని వస్తుంది. సాక్ష్యం రాదు. పై నుంచి తీర్పు ఒక్కటే వస్తుంది.

ఇది విని మేనకోడలు, “ఏడుస్తూ కూర్చోకుండా నువ్వే మొదలెట్టు మామయ్యా” అంది. పిల్లలు అమెరికా వెళ్తే ఇలాగే మాట్లాడతారు. సరే, ఉపాధ్యాయ సంఘం భవనంలో ఆదివారాలు పైగది ఖాళీయే గదా అని, ఏడెనిమిది మందిని పోగుచేశాను. సగం రిటైరైనవాళ్లు, సగం సర్వీసులో ఉన్నవాళ్లు. ఒక్కో వారం ఒక్కో వ్యాసం, సారాంశం నేను తెలుగులో రెండు పేజీలు రాసి జిరాక్స్ తీయిస్తాను. తరవాత మాట్లాడుకోవడమే.

మొదటి ఆదివారం వచ్చిన మొదటి ప్రశ్న ఇది: “సార్, దీనికి సర్టిఫికెట్ ఇస్తారా? బదిలీల్లో పాయింట్లేమైనా...?”

లేదన్నాను. అడిగినాయన రెండో వారం నుంచి రాలేదు. డోర్ పుస్తకం మీద ఇంతకంటే మంచి వ్యాఖ్యానం మా అమ్మాయి యూనివర్సిటీలో కూడా రాసి ఉండరు.

రిపోర్టుల వ్యాసం చదివిన వారం బాగా రగిలింది. రిపోర్టులిచ్చినా పిల్లలు మెరుగవ్వలేదంటే టీచర్లు చదవలేదనేగా అర్థం అని ఒక రిటైర్డ్ మాస్టారు తేల్చేశారు. మూలన కూర్చున్న టీచరమ్మ, ఏకోపాధ్యాయ పాఠశాలలో చాన్నాళ్లు చేసినావిడ, అప్పటిదాకా మాట్లాడలేదు.

“ఇలాంటి రిపోర్టులు మాకూ వస్తాయండీ. చదువుతాం. నా క్లాసులో సగం మందికి తీసివేతలో అప్పు తెచ్చుకోవడం రాదని నాకు ముందే తెలుసు. తెలిసినదాన్నే రంగుల గ్రాఫ్ వేసి పంపుతారు. నాలుగు, ఐదు తరగతులకి సిలబస్ ఎక్కడికి చేరిందని పైనుంచి అడుగుతుంటే, ఈ సగం మందికీ ఒకటో తరగతి లెక్క మళ్లీ ఎప్పుడు చెప్పాలి, మిగతా పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? నాకు కావాల్సిన రిపోర్టు అది. దాన్నెవరూ రాయట్లేదు.”

ఇది ఫోన్లో మేనకోడలికి చెప్పాను. అవతల కీబోర్డు చప్పుడు వినపడింది.

“మామయ్యా, ఆవిడ మాట నా టర్మ్ పేపర్లో వాడుకోవచ్చా? పేరు రాయను.”

“నన్నడుగుతావేంటి? ఆవిణ్ణే అడుగు.”

అడిగింది. దానికి వాళ్ల యూనివర్సిటీ వాళ్ల అనుమతి పత్రం ఒకటి ఉంటుందట, అన్నీ వివరించి ఒప్పుకోలు తీసుకోవాలట. టీచరమ్మ ఆ పత్రం మొత్తం చదివి సంతకం పెట్టే ముందు తన షరతు ఒకటి చెప్పారు. పేపరు పూర్తయ్యాక తనకి తెలుగులో ఒక కాపీ పంపాలి, రెండు పేజీలు చాలు, కానీ అందులో అంకెలు ఉండాలి, అంకెలకి అర్థం కూడా ఉండాలి.

ఆ రెండు పేజీలు ఇప్పటికి మూడుసార్లు వెనక్కొచ్చాయి. మా పిల్ల ‘సాంపుల్’ ఎలా తీశారో రాయలేదని ఒకసారి, గణాంకపరంగా ముఖ్యం అంటే పిల్లలకి ముఖ్యమనా, లెక్కకి ముఖ్యమనా అని ఒకసారి. ఆఖరుసారి ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో నేరుగా దానికే పంపారు, నాకు కాపీ కూడా లేకుండా.